మైకు పట్టుకునే బిడ్డకు ఇంట్లో ఏం కావాలి?

గుడ్ ఫ్రైడే దగ్గరపడుతోందంటే మన సంఘాల్లో ఒక జాబితా తయారవుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఏ మాట ఎవరు చెప్పాలో అందులో రాసి ఉంటుంది. ఈమధ్య చాలా చోట్ల ఒకటో రెండో మాటలు యవ్వనస్థులకు అప్పగిస్తున్నారు. అంతకుముందే ఆ పిల్లలు సండే స్కూల్ వార్షికోత్సవంలో కంఠత వాక్యాలు చెప్పి ఉంటారు. వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) ముగింపు రోజున కథ చెప్పి ఉంటారు. సెమీ క్రిస్మస్‌లో గొర్రెల కాపరి వేషం కట్టి రెండు ముక్కలు మాట్లాడి ఉంటారు. నలుగురి ముందు నిలబడి నోరు విప్పే అవకాశం మన పిల్లల్లో చాలామందికి బడిలో కంటే ముందు చర్చిలోనే దొరుకుతుంది. ఇది చిన్న మేలు కాదు.

తల్లిదండ్రులుగా మనం దీన్ని రెండు రకాలుగా తీసుకుంటాం. కొందరికి పట్టలేని సంతోషం. బిడ్డ మైకు పట్టుకోగానే ఫోన్ ఎత్తి వీడియో తీసి బంధువుల గ్రూపులో పెడతారు. ఇంకొందరికి దిగులు. "ఈ మీటింగులూ ప్రాక్టీసులూ అంటూ తిరిగితే చదువు ఏమైపోతుంది?" అంటారు. సంతోషమూ సహజమే, దిగులూ సహజమే. కానీ ఈ రెండింటి మధ్య, ఆ సమయంలో బిడ్డకు మన దగ్గర నుంచి నిజంగా ఏం కావాలన్న సంగతి మరుగున పడుతుంది.

మాట్లాడే చోటు సంఘం ఇస్తుంది. మాట్లాడిన బిడ్డ నిజాయితీగా, వినయంగా, భయం లేకుండా ఎదగడం మాత్రం ఎక్కువ భాగం ఇంటి చేతిలోనే ఉంది. అందుకు మనం చేయగలిగినవి, చేయకుండా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి.

ప్రతి ఒక్కరికీ ఒక పాలు

యవ్వనస్థుల కూడిక ఎందుకు పుట్టిందో తెలిస్తే మన ఆశలు సరైన దారిలో ఉంటాయి. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణంలో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరుగారు తన సంఘంలోని యవ్వనస్థులతో 'క్రిస్టియన్ ఎండీవర్' అనే సమాజం మొదలుపెట్టారు. మన బాప్టిస్టు సంఘాల పెద్దలకు 'సీఈ' అన్న పేరు బాగా పరిచయం. అందులో చేరే సభ్యులు ఒక ప్రమాణం చేయాలి. ప్రతి కూడికలోనూ పాటలో గొంతు కలపడం కాక ఇంకేదో ఒక పాలు తప్పకుండా తీసుకుంటామన్నదే ఆ ప్రమాణంలో ముఖ్యమైన మాట. ఒక వచనం చదివినా చాలు, రెండు వాక్యాల ప్రార్థన చేసినా చాలు. ఊరికే కూర్చుని వెళ్లిపోవడం మాత్రం కుదరదు. బాగా మాట్లాడేవాళ్లను ఏరుకోవడానికి ఆ సమాజం పుట్టలేదు. అందరి నోరూ విప్పించడానికే పుట్టింది.

మన నేల మీద డోర్నకల్ కథ కూడా ఇదే చెబుతుంది. తమిళనాడులో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఇరవై ఏళ్లు నిండిన కొత్తలోనే వైఎంసీఏలో యువకుల మధ్య పనిచేశారు. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన మిషనరీల ముందు, మాకు మీ దానం ఒక్కటే చాలదు, స్నేహం కావాలని అడిగిన ధైర్యశాలి ఆయన. అప్పటికి ఆయన వయసు 35. అంతటి వక్త అయి ఉండి కూడా, డోర్నకల్‌లో ఆయన నమ్ముకున్నది తన ప్రసంగాలను కాదు. చదువు రాని పల్లె విశ్వాసులను. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ తమ పొరుగువారికి తమ నోటితో సాక్ష్యం చెప్పాలన్నారు. దానికోసం ఏటా ఒక వారం ప్రత్యేకించి పెట్టారు.

కాబట్టి మీ అబ్బాయికి మాట బాగా వస్తుంటే దేవునికి స్తోత్రం చెప్పండి. ఆ వెంటనే వాడి పక్కన కూర్చున్న పిల్లవాడి గురించి కూడా ఆలోచించండి. "ఈసారి మావాడు వద్దులెండి, ఇంతవరకు ఎప్పుడూ మాట్లాడని ఆ బాబుకు ఇవ్వండి" అని యూత్ లీడరుతో మీరే అనగలిగితే, మీ అబ్బాయికి నాయకత్వంలో మొదటి పాఠం నేర్పినట్టే.

ముందు చదవడం రావాలి

మాట్లాడటం కంటే ముందు నేర్పాల్సింది పైకి చదవడం. ఇంగ్లీషు మీడియం చదువుల వల్ల మన పిల్లల్లో చాలామందికి తెలుగు బైబిలు చదవడం కష్టమైపోయింది. పాత అనువాదంలో ఉన్న భాష వాళ్లు ఇంట్లో వినేదీ కాదు, బడిలో చదివేదీ కాదు. వచనాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని వచ్చి చదివే పిల్లలు మీకూ కనపడే ఉంటారు. ఒత్తులు ఎగిరిపోతాయి, ఒక వాక్యం మధ్యలో ఆగి ఇంకో వాక్యంలో పడుతుంది, చదివే బిడ్డకే అర్థం తెలియదు.

దీనికి మందు కుటుంబ ప్రార్థనలోనే ఉంది. రోజూ కుదరకపోతే వారానికి రెండు మూడు రోజులైనా ఆ రోజు వాక్యభాగం బిడ్డ చేత చదివించండి. అధ్యాయమంతా అక్కర్లేదు, పది వచనాలు చాలు. తడబడినప్పుడు వెంటనే అందుకోకండి, కొంచెం ఆగండి. చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "ఇది మన ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పమ్మా." నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా, లేవీయులు ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, దాని అర్థం చెప్పి, జనులు గ్రహించేలా చేశారని ఉంది. చదవడం, అర్థం చెప్పడం, వినేవాళ్లకు తెలిసేలా చేయడం. వాక్యపరిచర్య చేసే ఎవరికైనా ఈ మూడే కావాలి. ఈ మూడూ మీ ముందు గదిలో చాప మీద కూర్చుని నేర్చుకోవచ్చు.

ఐదు నిమిషాల మాట తయారయ్యే తీరు

మీ అమ్మాయికి గుడ్ ఫ్రైడే నాడు మూడో మాట ఇచ్చారనుకోండి. యేసు తన తల్లిని తాను ప్రేమించిన శిష్యునికి అప్పగించిన మాట అది. యోహాను సువార్త పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. అమ్మాయి వచ్చి అడుగుతుంది.

"అమ్మా, ఏం చెప్పాలో రాసిపెట్టవా? బట్టీ పట్టేస్తాను."

"ముందు ఆ భాగం నాకు చదివి వినిపించు తల్లీ."

చదువుతుంది.

"సిలువ దగ్గర ఎవరెవరు నిలబడి ఉన్నారు?"

"మరియమ్మ, యోహాను."

"ఇంకా?"

మళ్లీ చూసుకుంటుంది. యేసు తల్లి, ఆమె సహోదరి, క్లోపా భార్య మరియ, మగ్దలేనే మరియ, ఆ శిష్యుడు.

"ఇంతమంది ఆడవాళ్లు ఉన్నారా! మరి మిగతా శిష్యులు ఏమైపోయారమ్మా?"

అంతే, ఆ పిల్ల ప్రసంగం మొదలైంది. ఆ ప్రశ్న తనకే పుట్టింది, అందుకే దానికి జవాబు తనే వెతుక్కుంటుంది. యూట్యూబ్‌లో వినే ఏ పేరున్న బోధకుని మాటల కంటే, ఆ పిల్ల నోటి నుంచి ఆ ప్రశ్న విన్నప్పుడే సంఘం తల ఎత్తి చూస్తుంది.

మీరు రాసిచ్చి బట్టీ పట్టిస్తే ఏమవుతుందో మనందరం చూశాం. మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా పోతుంది. బిడ్డ నిలబడిపోతుంది, కళ్ల నీళ్లు తిరుగుతాయి. దాని బదులు ఒక చిన్న అట్టముక్క మీద నాలుగు లైన్లు రాసుకోమనండి: అక్కడ ఏం జరిగింది, అది చదివితే నాకు ఏం తోచింది, ఈ వారం మనం ఏం చేయగలం, చివరి మాట. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా రావాలి. మధ్యలోది తన మాటల్లో చెప్పనివ్వండి. ఇంట్లో నిలబడి రెండుసార్లు చెప్పించండి. ఫోన్‌లో టైమరు పెట్టండి. ఐదు నిమిషాలు ఇచ్చినప్పుడు ఐదులోనే ముగించడం తర్వాత మాట్లాడేవాళ్ల మీద ప్రేమ చూపించడమే.

ఇంకొన్ని చిన్న సంగతులు. వేదిక మీదున్న ప్రతి ఒక్కరి పేరూ చెప్పి వందనాలు చెప్పడంలోనే ఒక నిమిషం పోతుంది, ఒక్క వాక్యంలో అందరికీ వందనాలు చెబితే సరిపోతుంది. "నేను చిన్నదాన్ని, నాకేమీ రాదు" అని మొదలుపెట్టొద్దని చెప్పండి. వినయం మాటల్లో ప్రకటించనక్కర్లేదు. మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోవాలి. మన చర్చిల్లో స్పీకర్లకు ఎకో పెట్టడం మామూలే. అందులో గబగబా మాట్లాడితే మాట మీద మాట పడి ఏదీ వినపడదు. ఒక వాక్యం చెప్పి, ఊపిరి పీల్చుకుని, రెండోది చెప్పడం అలవాటు చేయండి. టీవీలో చూసే బోధకుల గొంతును, అరుపును, మాటిమాటికీ హల్లెలూయ చెప్పించే పద్ధతిని అనుకరిస్తుంటే కోప్పడకండి. పిల్లలు అనుకరించే నేర్చుకుంటారు. "నీ గొంతు నాకు ఇష్టం నాన్నా, దానితోనే చెప్పు" అనండి.

మాట్లాడే రోజున మీరు రెండో వరసలోనో మూడో వరసలోనో కూర్చోండి. ఫోన్ సంచీలో పెట్టేయండి. బిడ్డ తల ఎత్తి చూసినప్పుడు ఫోన్ వెనక భాగం కాదు, మీ ముఖం కనపడాలి. మధ్యలో ఆగిపోతే కింద నుంచి అందించకండి. ఆగిపోయినప్పుడు వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదివితే దారి దొరుకుతుందని ముందే చెప్పి ఉంచండి.

సాక్ష్యంలో నిజం, ఇంటి గుట్టు

యవ్వనస్థుల కూడికల్లో ప్రసంగం కంటే ఎక్కువగా అడిగేది సాక్ష్యం. ఇక్కడ పిల్లల మీద ఒక ఒత్తిడి ఉంటుంది. వేదికల మీద వినే సాక్ష్యాల్లో పెద్ద పెద్ద మలుపులు ఉంటాయి: చావు దాకా వెళ్లి వచ్చినవారు, వ్యసనాల్లో మునిగి బయటపడినవారు. చిన్నప్పటి నుంచి అమ్మానాన్నలతో చర్చికి వస్తూ మామూలుగా చదువుకుంటున్న బిడ్డకు "నాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు" అనిపిస్తుంది. అప్పుడు చిన్న జ్వరం పెద్ద జబ్బు అవుతుంది, స్నేహితుడితో జరిగిన చిన్న గొడవ పెద్ద పాపపు జీవితం అవుతుంది.

ఆ బిడ్డకు ఇలా చెప్పండి: "ఉన్నది ఉన్నట్టు చెప్పు. గణితం పరీక్ష ముందు భయం వేస్తే ప్రార్థన చేసుకున్నావు, నిద్ర పట్టింది. అదీ సాక్ష్యమే." దేవుని గురించి చెప్పేటప్పుడు గోరంతను కొండంత చేయడం అలవాటైతే, తర్వాత ఆ నాలుకను నిజానికి మళ్లించడం చాలా కష్టం.

రెండో సంగతి ఇంకా సున్నితమైనది. బిడ్డ సాక్ష్యంలో ఇంటి సంగతులు వస్తాయి. నాన్న తాగుడు, అప్పులు, అమ్మానాన్నల గొడవలు. ఆవేశంలో, కన్నీళ్లలో చెప్పేస్తారు. ఇంటికి వచ్చాక అందరూ నొచ్చుకుంటారు. ముందే కూర్చుని మాట్లాడుకోండి. "నీ గురించి ఏదైనా చెప్పుకో. ఇంకొకరి గురించి చెప్పాలంటే ముందు వాళ్లను అడుగు." ఈ ఒక్క నియమం ఇంటికీ వర్తిస్తుంది, స్నేహితులకూ వర్తిస్తుంది. ప్రార్థన విన్నపాల పేరుతో మరొకరి రహస్యం మైకులో వినిపించడం ఎంత తప్పో దీనితో అర్థమవుతుంది. అదే సమయంలో, బిడ్డ మనసులో అంత బరువు ఉందని మీకు మొదటిసారి మైకులోనే తెలిస్తే కోప్పడకండి. ఆ రాత్రి పక్కన కూర్చుని వినండి.

దిద్దే చోటు, దిద్దే తీరు

అపొల్లో అనే ఆయన గొప్ప వాగ్ధాటి ఉన్నవాడని, లేఖనాల్లో ఆరితేరినవాడని అపొస్తలుల కార్యముల పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. ఎఫెసులో ఆయన సమాజమందిరంలో ధైర్యంగా బోధించాడు. కానీ ఆయనకు తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు అది విన్నారు. లేచి నిలబడి ఖండించలేదు. ఆయనను చేర్చుకుని, దేవుని మార్గాన్ని ఇంకా బాగా విశదపరిచారు. ఆ తర్వాత అపొల్లో ఇంకా బలంగా బోధించాడు. తల్లిదండ్రులందరం నేర్చుకోవాల్సిన పద్ధతి ఇది.

చర్చి గుమ్మంలో నలుగురి ముందు దిద్దొద్దు. బండి మీద ఇంటికి వస్తూ కూడా వద్దు. అప్పుడు బిడ్డ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది. ఇంటికి వచ్చి, అన్నం తిని, మనసు కుదుటపడ్డాక ముందు అడగండి: "నీకెలా అనిపించింది?" చాలాసార్లు తమ పొరపాటు వాళ్లే చెబుతారు. ఆ తర్వాత మీకు మనసుకు తాకిన ఒక మాటను చెప్పండి. "బాగా చెప్పావు" అని వదిలేయకండి. "మిగతా శిష్యులు ఎక్కడున్నారని అడిగావు చూడు, నేను కూడా అలా ఎప్పుడూ ఆలోచించలేదు" అనండి. దిద్దాల్సింది ఒక్కటే ఎంచుకోండి. మిగతావి వచ్చేసారికి. అయ్యగారి అమ్మాయితోనో, పెదనాన్న కొడుకుతోనో మాత్రం పోల్చకండి. పోల్చిన రోజు నుంచి బిడ్డ దేవుని కోసం మాట్లాడటం మానేసి మీ కోసం మాట్లాడటం మొదలుపెడుతుంది.

నోరు విప్పని బిడ్డ

కొందరు పిల్లలు నలుగురిలో నోరు మెదపరు. కొందరికి నత్తి ఉంటుంది. వాళ్లను బలవంతంగా లాక్కెళ్లి మైకు ముందు నిలబెట్టకండి, పదిమందిలో "మావాడికి భయమండీ" అని చెప్పకండి. మోషే తాను నోటి మాంద్యం గలవాడినని దేవునితోనే చెప్పుకున్నాడు. దేవుడు ఆయనకు అన్న అహరోనును తోడు ఇచ్చాడు. పిలుపు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇలాంటి బిడ్డకు ఒక తోడును వెతకండి. ఇద్దరు కలిసి ఒక వాక్యభాగం చదవచ్చు. ఒకరు ప్రశ్న అడిగితే ఒకరు జవాబు చెప్పవచ్చు. సండే స్కూల్లో చిన్న తరగతి పిల్లల మధ్య కూర్చుని కథ చెప్పడం మంచి మొదలు, అక్కడ ఎవరూ తప్పులు పట్టరు. పాటల సాహిత్యం టైపు చేసి తెర మీద వేయడం, కీబోర్డు వాయించడం, రాని పిల్లల ఇళ్లకు వెళ్లి పిలుచుకురావడం, ఇవన్నీ పరిచర్యే. ఒక్క విషయం గుర్తుంచుకోండి: లూకా సువార్త రెండో అధ్యాయంలో పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ముందు వారి మాటలు విన్నాడు, ప్రశ్నలు అడిగాడు. వినగలిగే బిడ్డ వెనకబడిన బిడ్డ కాదు.

అమ్మాయిల గురించి కూడా ఒక మాట. చాలా చోట్ల వాళ్లకు పాట, ముగ్గు, వంట మాత్రమే అప్పగిస్తారు. వాక్యం, ఆర్థిక లెక్కలు, నిర్ణయాలు అబ్బాయిలవి అయిపోతాయి. 2013లో ఎగ్గోని పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ అయ్యారు. అదీ మన నంద్యాల అధ్యక్ష మండలానికి. ఈ విషయంలో సంఘాలు వేరువేరు అభిప్రాయాలతో ఉండవచ్చు. కానీ యవ్వనస్థుల కూడికలో ఒక అమ్మాయి వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పడానికీ, సెక్రటరీగా పనిచేయడానికీ ఇంట్లో నుంచే అడ్డు రాకూడదు.

నాయకత్వం కుర్చీల దగ్గర మొదలవుతుంది

యూత్‌లో ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్ అనే పదవులు ఉంటాయి. బిడ్డకు పదవి రాగానే ఇంట్లో పండుగ చేసుకుంటాం. కానీ ఆ పదవికి ముందు బిడ్డ ఏం చేశాడన్నదే అసలు సంగతి. కూడికకు అరగంట ముందు వచ్చి కుర్చీలు వేసేది ఎవరు? ప్రేమవిందులో చివరిదాకా వడ్డించి ఆఖర్న తినేది ఎవరు? కూడిక అయ్యాక మైకు వైర్లు చుట్టేది ఎవరు? మూడు వారాలుగా రాని కుర్రాడికి ఫోన్ చేసేది ఎవరు? యేసు శిష్యుల పాదాలు కడిగి మరీ చూపించాడు గదా. మీ బిడ్డ వేదిక మీద మాట్లాడి నేరుగా కారెక్కేస్తుంటే, నెమ్మదిగా దింపి, "కుర్చీలు సర్దేసి వెళ్దాం" అనండి. మీరూ రెండు కుర్చీలు ఎత్తండి.

డబ్బు దగ్గర మొదటి నుంచీ పద్ధతి నేర్పండి. డిసెంబరులో క్యారల్స్‌కు ఇంటింటికీ తిరిగినప్పుడు వచ్చే కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, అదే రాత్రి నోటుబుక్కులో రాయాలి, తర్వాతి కూడికలో అందరికీ చదివి వినిపించాలి. సొంత జేబులో కలిపేసుకుని "తర్వాత సర్దుతాలే" అనే అలవాటు ఎంత చిన్న మొత్తంతోనైనా మొదలు కాకూడదు.

ఎన్నికల్లో ఓడిపోతే "వాళ్లంతా ఒకటయ్యారు" అని మీరు అనొద్దు. కులం, బంధుత్వం, వీధి పేరుతో జట్లు కట్టే రోగం పెద్దల సంఘాల నుంచే పిల్లల్లోకి దిగుతుంది. గెలిచినవాడికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పి, ఏ పని చేయమంటావని అడిగి రమ్మనండి. గెలిస్తే, ఇంకా పెద్ద పాఠం ఉంది. నిర్గమకాండము పద్దెనిమిదో అధ్యాయంలో ఒక్కడే కూర్చుని అందరికీ తీర్పు తీరుస్తున్న మోషేతో ఆయన మామ యిత్రో, ఇలా అయితే నువ్వూ జనమూ నలిగిపోతారని, నమ్మకస్తులను ఏర్పరచుకుని పని పంచమని చెప్పాడు. మీ బిడ్డ పని పంచుతున్నాడా, అన్నీ తనే చేస్తున్నాడా చూడండి. తన తర్వాత వచ్చేవాళ్లకు నేర్పి తప్పుకోగలిగితే ఆ నాయకత్వం నిలుస్తుంది.

చదువు, భద్రత

ఇంటర్ పరీక్షల నెలలో, పదో తరగతి ఆఖరి నెలల్లో బాధ్యత నుంచి కొంత విరామం అడగడం అవిశ్వాసం కాదు. పిల్లల చేత అడిగించకండి, అయ్యగారితో మీరే మాట్లాడండి. కానీ మార్కులు తగ్గితే శిక్షగా యూత్ మీటింగు మాన్పించకండి. చర్చిని బహుమానంగానో శిక్షగానో వాడితే బిడ్డ దృష్టిలో దాని విలువ తగ్గిపోతుంది.

ఇక భద్రత. యూత్ క్యాంపులు, రిట్రీట్లు, రాత్రిపూట క్యారల్స్, పాటల ప్రాక్టీసులు మంచివే. పంపే ముందు అడగాల్సినవి అడగండి. పిల్లలతో ఉండే పెద్దలు ఎవరు? అమ్మాయిలకు వేరే బస ఉందా, బాధ్యత గల స్త్రీలు తోడున్నారా? ఇంటికి ఎవరు దింపుతారు? పెద్దవాళ్లు ఎవరైనా పిల్లలకు విడిగా, రాత్రివేళ మెసేజీలు పెడుతున్నారా? అడిగితే తప్పుగా అనుకుంటారేమోనని వెనకాడొద్దు. పిల్లల మేలు కోరే సంఘం ఆ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతుంది.

దైవసేవకులను గౌరవించమని పిల్లలకు నేర్పుతాం. దానితోపాటు, ఎంత పెద్ద పేరున్నవారైనా తప్పుగా తాకితే, ఎవరికీ చెప్పొద్దంటే, ఒంటరిగా రమ్మంటే, కాదని చెప్పి వచ్చేయవచ్చని కూడా నేర్పండి. "నువ్వు వచ్చి చెబితే నేను నిన్నే నమ్ముతాను" అన్న మాట ముందే ఇచ్చి ఉంచండి. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరినీ కాపాడుతుంది. నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని కూడా అదే చట్టం అంటుంది. సంఘం పరువు కోసం లోపల సర్దుకుందామంటే ఒప్పుకోకండి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉంది.

ఆ ఒక్క మాట అనకండి

ఆఖరున, ఒక మాట మన నోటి నుంచి ఎప్పటికీ రాకూడదని బతిమాలుతున్నాను. బిడ్డ తమ్ముణ్ని కొట్టినప్పుడో, అబద్ధమాడినప్పుడో, పొద్దున ఆలస్యంగా లేచినప్పుడో మనకు తెలియకుండానే వచ్చేస్తుంది: "చర్చిలో ప్రసంగాలు చెబుతావు, ఇంట్లో చేసేది ఇదా?" ఆ మాట బిడ్డకు రెండే దారులు మిగులుస్తుంది. ఒకటి, మాట్లాడటమే మానేయడం. రెండు, లోపల ఒకటి ఉంచుకుని బయట ఇంకొకటి కనపరచడం నేర్చుకోవడం. రెండోదే ఎక్కువ ప్రమాదం. తప్పును తప్పుగానే దిద్దండి. దానికీ పరిచర్యకూ ముడి పెట్టకండి. తను చెప్పిన దానికీ బతుకుతున్న దానికీ మధ్య దూరం ఉందని ఆ బిడ్డకు మనకంటే బాగా తెలుసు. ఆ దూరాన్ని ఒప్పుకుని, దేవుని దగ్గరా మన దగ్గరా క్షమాపణ అడగవచ్చని చూపించాల్సింది మనం. అందుకు మనమూ తప్పు చేసినప్పుడు "నన్ను క్షమించు నాన్నా" అని పిల్లలతో అనగలగాలి.

చిన్నవాడివని ఎవరూ నిన్ను తక్కువగా చూడకుండా మాటలోనూ ప్రవర్తనలోనూ మాదిరిగా ఉండమని పౌలు యవ్వనస్థుడైన తిమోతికి రాశాడు. తెలుగు యూత్ కూడికల్లో ఈ భాగాన్ని చదవనివాళ్లు ఉండరు. అయితే తిమోతి చేసిన ప్రసంగం ఒక్కటీ కొత్త నిబంధనలో రాసి లేదు. ఆయన గొంతు ఎలా ఉండేదో, ఎంతసేపు మాట్లాడేవాడో మనకు తెలియదు. ఆయన అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు మాత్రం ఉన్నాయి. తిమోతిలోని విశ్వాసం మొదట ఆ ఇద్దరిలో ఉందని పౌలు గుర్తుచేసుకున్నాడు. సంఘం బిడ్డకు మైకు ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పది వచనాలు చదివించి, ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. మన వంతు పని అక్కడ మొదలవుతుంది. అది ఏ తల్లికైనా ఏ తండ్రికైనా చేతనయ్యేదే.